గోడ తీశాకే బల్ల: గుంటూరు దగ్గర ఒక సంఘంలో కులం, పశ్చాత్తాపం

సంఘాల్లో తగాదాలు వచ్చినప్పుడు మధ్యవర్తిగా పిలిస్తే వెళ్లే పాస్టర్లలో నేనొకణ్ణి. గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల నేను చూసినవాటిలో ఎక్కువ భాగం డబ్బు లెక్కల గొడవలు, పాస్టరు మార్పిడి గొడవలు. కులం గొడవ అని చెప్పి ఎవరూ పిలవరు. ఇంకో పేరుతో పిలుస్తారు, వెళ్లి నాలుగు ఇళ్లు తిరిగాక అది కులమని తెలుస్తుంది. ఈ కేసు కూడా అలాగే వచ్చింది. ఒప్పుకోలు, నష్టాన్ని సరిచేయడం, క్షమాపణ, ప్రభువు బల్ల (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం), వీటిలో ఏది ముందు ఏది వెనక అన్న ప్రశ్న ఇందులో అడుగడుగునా ఎదురైంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఊరి పేరు, సంఘం ఏ మిషన్‌దో, కులాల పేర్లు రాయడం లేదు. మా వైపు కులం పేరు, కాలువ పేరు కలిపి చెబితే ఊరు తెలిసిపోతుంది. భూములున్న కులం విశ్వాసులను 'ఊరివాళ్లు' అనీ, దళితవాడ విశ్వాసులను 'పల్లెవాళ్లు' అనీ అంటాను. అక్కడ అందరూ వాడే మాటలే ఇవి. గుర్తుపట్టడానికి వీలిచ్చే కొన్ని చిన్న వివరాలు మార్చాను. రాసింది రెండు వైపులా చదివి వినిపించి, ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

గుంటూరుకు సువార్త నిన్న మొన్న వచ్చింది కాదు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జులై 31న ఇక్కడ అడుగుపెట్టాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌ కాలంలో, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. దానికి ఓ పదేళ్ల ముందు పైకులాల వాళ్లు క్లౌ దగ్గరికొచ్చి, వీళ్లను చేర్చుకుంటే మేం రామని చెప్పారు. ఏం చేయాలో తెలియక ఆయనొక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీయులకు 1:26 దగ్గరే, అంటే పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరన్న మాట దగ్గరే తెరుచుకుందని క్లౌ చెప్పుకున్నాడు. మా తీరంలో సంఘం మొదటినుంచీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే పెరిగింది. వార్షికోత్సవాల్లో ఈ కథ చెప్పని ప్రసంగీకుడు ఉండడు. నేను రాస్తున్న సంఘంలో కూడా చెప్పారు, చాలాసార్లు.

ఆ సంఘం పల్లెలో పుట్టింది. మిషన్ బడి, దానికి ఆనుకుని చిన్న గుడి. 1980లలో ఊరి కుటుంబం ఒకటి, కొడుకు జబ్బు నయమైందని విశ్వాసంలోకి వచ్చింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. వాళ్ల గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. విశ్వాసం వాళ్లకు తేలిగ్గా దొరకలేదు. బంధువులు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు, ఆడపిల్లలకు కుదిరిన సంబంధాలు తప్పిపోయాయి. అంత కష్టంలోనూ రోడ్డు పక్కన స్థలమిచ్చి, డబ్బు పెట్టి పక్కా గుడి కట్టారు. ఆరాధన పల్లె నుంచి రోడ్డు మీదికి వచ్చింది. కమిటీ మెల్లగా చేతులు మారింది. పాత గుడిలో మైకులు, షామియానాలు పెట్టుకున్నారు.

బయటివాళ్లు చూస్తే ఆ సంఘంలో అంటరానితనం కనపడదు. అందరూ ఒకే చోట మోకరిస్తారు, ఒకే పాట పాడతారు. ఇళ్లల్లో కూడికలు జరిగినప్పుడు మాత్రం తెలుస్తుంది. పల్లెలో కూడిక ఉంటే ఊరివాళ్లు వస్తారు, ప్రార్థన చేస్తారు. టీ ఇచ్చే వేళకు "ఉపవాసంలో ఉన్నానమ్మా" అంటారు. మూత తీయని కూల్ డ్రింక్ సీసా ఇస్తే మాత్రం తాగుతారు. పల్లె ఆడవాళ్లకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, కూడిక పెట్టుకున్న ఇంటివాళ్లు టీ పొడితో పాటు అరడజను సీసాలు కూడా ముందే తెచ్చి పెట్టుకుంటారు. ఆ సీసాలు ఎవరి కోసమని పిల్లలు అడిగితే "పెద్దవాళ్ల కోసం" అని చెబుతారు. మాట తీరు కూడా అంతే. డెబ్బై ఏళ్ల పల్లె సంఘ పెద్దను ముప్పై ఏళ్ల ఊరి కుర్రాడు పేరు పెట్టి "నువ్వు" అంటాడు. తిరిగి ఆయన "బాబూ, మీరు" అంటాడు.

ఇంకో సంగతి తెలియకపోతే ఈ కేసులో పల్లెవాళ్ల మౌనం అర్థం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివారిని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పిల్లల చదువు, ఉద్యోగం కోసం చాలా కుటుంబాలు కాగితాల మీద హిందువులుగా ఉంటాయి, ఆదివారం గుడికి వస్తాయి. కాబట్టి గుడిలో లేచి నిలబడి "నేను దళితుణ్ణి కాబట్టి నన్ను ఇలా చూశారు" అనడానికి పల్లెవాడికి భయం. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే కొడుకు సర్టిఫికెట్‌కు ముప్పు. ఊరివాళ్లకు ఆ భయం లేదు. వాళ్లు గుడికి వచ్చినా, రాకపోయినా ఓసీలే. ఒకరు మాట్లాడితే నష్టం, ఇంకొకరికి ఏ నష్టమూ లేదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా "అందరూ మనసు విప్పి మాట్లాడండి" అని సభ పెట్టడం అన్యాయం.

సమస్య ఎలా ముందుకొచ్చింది

ఆ సంఘంలో చాలా ఏళ్లు బైబిలు స్త్రీగా, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి ప్రార్థన చేసే సేవకురాలిగా పనిచేసిన పెద్దావిడ చనిపోయింది. పల్లె మనిషి. ఊరి ఇళ్లల్లో కాన్పులైతే, జబ్బులైతే వెళ్లి రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసిన మనిషి. చనిపోయింది ముసురు రోజుల్లో.

సమాధుల స్థలం రెండు భాగాలు. పాతది కాలువ గట్టు కింద పల్లంలో ఉంది, వానలకు నీళ్లూరుతుంది. కొత్తది మెరక, కమిటీ కొన్నది, చుట్టూ ఇటుక గోడ, గేటు, తాళం. వాన కాబట్టి అమ్మకు మెరక మీద చోటివ్వమని కొడుకు అడిగాడు. నిర్వహణ చందా కట్టిన కుటుంబాలకే అక్కడ చోటని కార్యదర్శి చెప్పాడు. పాత భాగంలో గొయ్యి తవ్వి, నీళ్లు తోడి పోశారు. అవి మళ్లీ ఊరాయి. పెట్టె తేలకుండా ఇసక బస్తాలు వేసి పూడ్చారు.

తర్వాతి ఆదివారం పల్లె కుర్రాళ్లు రోడ్డు మీది గుడికి రాలేదు. మైకులు, షామియానాలు బయటపెట్టి పాత గుడిలో ఆరాధన మొదలుపెట్టారు. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి సమాధుల స్థలం మీద అర్జీ ఇచ్చారు. చందా, కానుకలు సగానికి పడిపోయాయి. కమిటీ నన్ను పిలిచింది అప్పుడే. ఫోన్లో చెప్పిన సమస్య ఇది: "కుర్రాళ్లు సంఘాన్ని చీలుస్తున్నారు అయ్యగారూ, ఎవరో వెనకాల ఉండి నడిపిస్తున్నారు. మీరొచ్చి సమాధానపరచాలి."

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి రెండు ప్రయత్నాలు అయిపోయాయి. మొదటిది పాదాలు కడిగే కూడిక. స్థానిక పాస్టరు మంచి మనసుతోనే పెట్టాడు. బయటినుంచి ప్రసంగీకుణ్ణి పిలిచారు. యేసు శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13 చదివారు. కమిటీ ఛైర్మన్ పల్లె సంఘ పెద్ద పాదాలు కడిగి, తువ్వాలుతో తుడిచాడు. అందరూ ఏడ్చారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు, ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. వారం తిరక్కుండా పల్లె మళ్లీ దూరమైంది. ఊరివాళ్లకు అర్థం కాలేదు, "ఇంకేం చేయాలి వాళ్లకు?" అన్నారు.

ఛైర్మన్ ఇంట్లో పనిచేసే పల్లె ఆవిడ చెప్పింది. పాదాలు కడగడానికి కొత్త స్టీలు బేసిన్ కొన్నారు. కూడిక అయ్యాక అది ఇంటికి వచ్చింది గానీ వంటింట్లోకి రాలేదు. పెరట్లో కుళాయి కింద పెట్టారు, గేదెలకు కుడితి కలపడానికి. ఎవరూ చర్చించి నిర్ణయించింది కాదు, ఆ ఇంటి ఆడవాళ్ల చేతులు వాటంతట అవే చేసిన పని. పల్లెలో మాత్రం సాయంత్రానికల్లా ప్రతి ఇంటికీ తెలిసిపోయింది.

నా దృష్టిలో ఆ కూడిక విఫలమవడానికి బేసిన్ ఒక్కటే కారణం కాదు. పాదాలు కడిగిన మర్నాడు కూడా గోడ ఉంది, గేటుకు తాళం ఉంది, చందా తీర్మానం ఉంది. పైగా అందరి ముందు పాదాలు కడిగించుకున్న మనిషి ఆ తర్వాత "నా తల్లి లాంటి మనిషికి చోటెందుకివ్వలేదు" అని అడగలేడు. అడిగితే కఠిన హృదయుడంటారు. యజమాని వంగి కాళ్లు పట్టుకోవడం బాధితుడి నోరు కట్టేసింది. ఇది మన సంఘాల్లో తరచుగా జరుగుతోంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: నష్టం సరిచేయకుండా పాదాలు కడిగే కూడిక పెట్టకండి.

రెండోది కమిటీ తీర్మానం. "ఏవైనా పొరపాట్లు జరిగి ఉంటే, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాము, ఇకమీదట క్రీస్తులో భేదము లేదు" అని పుల్పిట్ మీదనుంచి చదివారు. అందులో చేసిన పని లేదు, చేసినవారు లేరు, చనిపోయిన ఆవిడ పేరు కూడా లేదు. దాని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

మేం ఎలా మొదలుపెట్టాం, ఎందుకలా

నేను వేరే ఊరి పల్లెలో పుట్టినవాణ్ణి. ఆ సంగతి ఊరివాళ్లకు మొదటి గంటలోనే తెలిసిపోతుంది, తెలిశాక నా ప్రతి మాటనూ పక్షపాతంగానే వింటారు. అందుకని భూములున్న కులంలో పుట్టిన, చాలాకాలంగా ఈ పనిలో నాతో నడుస్తున్న ఒక విశ్రాంత లెక్చరర్ సహోదరిని వెంట తీసుకెళ్లాను. ఊరివాళ్లతో కఠినమైన మాటలు ఆవిడే చెప్పాలని ముందే అనుకున్నాం. సొంత ఇంటి ఆడపడుచు చెప్పినట్టుగా వింటారని మాకు ఆశ.

పల్లెలో మొదటి ప్రశ్న నాకే ఎదురైంది. "మీరు కూడా వాళ్లు పిలిస్తేనే వచ్చారు గదా అయ్యగారూ?" అన్నాడు ఒక కుర్రాడు. నిజమే. అక్కడే రెండు మాటలిచ్చాం. ఒకటి, మా రాకపోకల ఖర్చు కమిటీ దగ్గర తీసుకోము. రెండు, పల్లెవాళ్లు ఒప్పుకోనిదే రెండు వైపులనూ ఒకచోట కూర్చోబెట్టము. రెండో మాటకు స్థానిక పాస్టరు అభ్యంతరం చెప్పాడు. మత్తయి 18 ప్రకారం ముఖాముఖి మాట్లాడుకోవాలి కదా అన్నాడు. మత్తయి 18 సమానులైన ఇద్దరు సహోదరుల మధ్య పని చేస్తుంది. ఒకరి పొలంలో ఇంకొకరు కూలికి వెళ్తున్నప్పుడు, ఆదివారం సాయంత్రం అన్న మాటకు సోమవారం పొద్దున పని పోవచ్చు. అందుకే విడివిడిగా, ఆడవాళ్లు ఆడవాళ్లతో, ఇళ్లల్లోనే విన్నాం. కాగితం మీద ఎవరి పేరూ రాయలేదు, ఎవరి సంతకమూ తీసుకోలేదు. కారణం పైన చెప్పిన సర్టిఫికెట్ల భయమే. తర్వాత కమిటీ "సంతకాల్లేని ఫిర్యాదును ఎలా నమ్మాలి?" అన్నప్పుడు, నమ్మడానికి ఆధారం మీ దగ్గరే ఉందని చెప్పి మినిట్స్ పుస్తకం, సమాధుల రిజిస్టరు అడిగాం.

ఈ కేసును మలుపు తిప్పినవి ఆ రెండు పుస్తకాలే. కొత్త స్థలం కొన్న ఏడాది చేసిన తీర్మానంలో కులం మాట ఎక్కడా లేదు. కుటుంబానికి 25,000 రూపాయల నిర్వహణ చందా అని ఉంది. కార్యదర్శి ఇదే చూపించి "ఇది డబ్బు సంగతి, కులం కాదు" అన్నాడు. మా సహోదరి పేజీలు తిప్పుతూ పోయింది. కొన్నాళ్ల తర్వాతి మినిట్స్‌లో, ఉద్యోగాలు చేసుకుంటున్న రెండు పల్లె కుటుంబాలు చందా కడతామని పెట్టుకున్న దరఖాస్తులు ఉన్నాయి. పక్కన "స్థలాభావము వలన వీలుపడదు" అని రాసి ఉంది. సమాధుల రిజిస్టరు తెరిస్తే, ఆ తేదీ తర్వాత అదే స్థలంలో ఊరి కుటుంబాలకు చోటిచ్చిన ఎంట్రీలు వరసగా ఉన్నాయి. కార్యదర్శి ఆ పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడని నేననుకోను. తన చేత్తో రాసిన రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజే గుడి స్థలం ఎవరి పేరు మీద ఉందో చూపే ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించమని కూడా అడిగాం. రోడ్డు మీది గుడి స్థలం సంఘానికి ఇచ్చేశారని పల్లెలో అందరూ నమ్ముతున్నారు. ఈసీలో అది ఇంకా ఆ కుటుంబం పేరు మీదే ఉంది.

వాక్యంతో చేసిన పని

ఊరివాళ్లతో కూర్చున్నప్పుడు మొదట గోడ మాట ఎత్తలేదు. దావీదు రాజు పాపాన్ని ఆయన నోటితోనే ఒప్పించడానికి నాతాను ప్రవక్త గొర్రెపిల్ల కథతో వెళ్లినట్టు, మేం దక్షిణాఫ్రికా సంగతితో వెళ్లాం. అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘం 1857లో ఒక నిర్ణయం తీసుకుంది. తెల్లవారూ నల్లవారూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారం అని ఒప్పుకుంటూనే, కొందరు తెల్లవారి బలహీనత దృష్ట్యా నల్లవారికి విడి ఆరాధన ఉండొచ్చంది. బలహీనతకు ఇచ్చిన ఆ వెసులుబాటే తర్వాత విడి సంఘాలుగా, చివరికి వర్ణవివక్షకు వాక్యపు ముసుగుగా మారింది. దానికి ఎదురుగా, ఆ మిషన్ నుంచే పుట్టిన మిశ్రవర్ణాల సంఘం 1982లో బెల్హార్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటన తెచ్చి, 1986లో స్వీకరించింది. 1990 నవంబరులో రుస్టెన్‌బర్గ్ సభలో విల్లీ యోంకర్ అనే తెల్ల వేదాంత పండితుడు లేచి, వర్ణవివక్ష విషయంలో తన పాపాన్ని, తన సంఘం పాపాన్ని ఒప్పుకున్నాడు. నల్లజాతి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఆ ఒప్పుకోలును అంగీకరించాడు. ఆ సభ ప్రకటన క్షమాపణతో ఆగలేదు, నష్టాన్ని తిరిగి చెల్లించడం గురించీ మాట్లాడింది.

ఊరివాళ్లు శ్రద్ధగా విన్నారు. తెల్లవాళ్లు చేసింది ఘోరమన్నారు. "బలహీనత పేరు చెప్పి పాపాన్ని చట్టం చేసుకున్నారు" అన్నాడు ఒకాయన, చాలా చక్కగా. అప్పుడు మా సహోదరి అడిగింది: "మన సమాధుల గేటుకు తాళం ఎవరి బలహీనత కోసం వేశాం?"

'మన' అనే మాట ఆవిడ కావాలనే వాడింది. నేనైతే అలా అనగలిగేవాణ్ణి కాదు.

తర్వాత వచ్చిన వాదన అందరూ ఊహించేదే: మా తాతల పాపం మాకెందుకు? నెహెమ్యా ప్రార్థన చదివాం, "నేనును నా తండ్రి యింటివారును పాపము చేసియున్నాము." కానీ ఆ వాదనలో ఎక్కువసేపు ఉండలేదు. పూర్వుల పాపం మీద చర్చ మొదలైతే చేతిలో ఉన్న పాపం జారిపోతుంది. గోడ కట్టింది తాతలు కాదు, ఆ గదిలో కూర్చున్నవాళ్లే. గలతీయులకు 2లో పేతురు కూడా అంతే. అన్యజనులతో కలిసి తిన్నవాడే, యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు దాన్ని మర్యాద సమస్య అనలేదు, సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. అపొస్తలుడికే బంధువుల భయం ఉందంటే ఊరివాళ్ల మొహాల్లో కొంచెం తేలిక కనిపించింది. ఆ తేలికతోనే ఒకావిడ నోరు విప్పింది. "మా పుట్టింటివాళ్లకు తెలిస్తే మళ్లీ రానివ్వరని భయం, అందుకే టీ తాగను" అంది.

పల్లె చెప్పిన జాబితా

పల్లెలో విన్నవన్నీ పేర్లు లేకుండా రాసుకున్నాం. పెద్దావిడ సమాధి మొదటిది. గుడి తాళాలు ఎప్పుడూ ఊరి ఇంట్లోనే ఉండటం, పుల్పిట్ మీద పల్లె పెద్దలకు ప్రార్థన తప్ప ప్రసంగం ఇవ్వకపోవడం, సీసాలు, "ఏరా" పిలుపులు. ఒక ముసలాయన ఎవరూ ఊహించని మాట చెప్పాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. చుట్టుపక్కల పల్లెలన్నీ వణికిపోయాయి. "ఆ ఆదివారం గుడిలో మనవాళ్ల కోసం ఒక్క ప్రార్థన కూడా చేయలేదయ్యా. వర్షాల కోసం చేశారు." ముప్పై ఏళ్లు దాటినా ఆయన ఆ ఆదివారం పాడిన పాట కూడా గుర్తుపెట్టుకున్నాడు.

ఏం కావాలని అడిగితే డబ్బు అడిగినవాళ్లు లేరు. గోడ పోవాలన్నారు. "మమ్మల్ని గారు అనమనండి" అన్నారు. అమ్మను మళ్లీ తవ్వి మెరక మీదికి మార్చుదామని కమిటీ ప్రతిపాదిస్తే కొడుకు ఒప్పుకోలేదు. "పడుకున్న మనిషిని కదపం. ఆ గోడ తీస్తే అమ్మ ఉన్నదీ అదే స్థలం అవుద్ది" అన్నాడు.

ఒక షరతు, మా నిరాకరణ

గోడ తీయడానికి కమిటీ ఒప్పుకుంది. బదులుగా కుర్రాళ్లు కలెక్టరేట్ అర్జీ వెనక్కి తీసుకునేలా చూడమంది. మేం ఒప్పుకోలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటే గోడ తీస్తామన్నది బేరం. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య "ఎవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల" నాలుగంతలు ఇస్తానన్నప్పుడు ఎదుటివాళ్లను ఏమీ అడగలేదు. అధికారుల దగ్గరికి వెళ్లడం కుర్రాళ్ల హక్కు, దాన్ని సువార్త పేరుతో లాక్కోకూడదు. దీని మీద రెండు వారాలు పని ఆగిపోయింది. చివరికి షరతు వదులుకున్నారు. గోడ పోయాక కుర్రాళ్లు అర్జీని వాళ్లంతట వాళ్లే పట్టించుకోవడం మానేశారు.

బల్ల ఎప్పుడు

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ప్రభువు బల్ల గురించి. పాస్టరు వెంటనే ఉమ్మడి బల్ల పెడదామన్నాడు. బల్ల దగ్గరే ఐక్యత పుడుతుంది, పాపులు సరిచేసుకున్నాకే రావాలంటే ఎవరొస్తారు అన్నాడు. బలమైన వాదన, నేను గౌరవించే సేవకులు చాలామంది ఇదే చెబుతారు. కానీ పౌలు ఉత్తరం రాసిన కొరింథు సంఘంలో బల్లే గాయం చేసింది. ఒకడు ఆకలితో ఉండగా ఇంకొకడు ముందే తిన్నాడు, పౌలు దాన్ని ప్రభువు రాత్రి భోజనమే కాదన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న యేసు మాట కూడా, తప్పు చేసినవాడికి చెప్పినదే. పల్లెవాళ్లను ముందు బల్లకు రమ్మంటే మోసేది వాళ్లే. అందుకని నష్టం సరిచేసేదాకా బల్ల ఆపమని సలహా ఇచ్చాం. ఊరివాళ్లకు చాలా టెన్షన్ అయింది. నెల తిరిగినా బల్ల లేకపోయేసరికి ముసలివాళ్లు ఏడ్చారు. ఆ ఆకలి మంచిదేనని నా నమ్మకం.

పని చేసినవి

గోడ కూల్చడానికి కమిటీ కూలీలను మాట్లాడింది. పల్లె కూలీలనే. మా సహోదరి అడ్డం పడింది. కట్టడానికి వాళ్లే, కూల్చడానికీ వాళ్లేనా అంది. శనివారం పొద్దున్నే ఊరి మగవాళ్లు గునపాలు పట్టుకుని వచ్చారు. మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కాయి. ఇటుకలు ట్రాక్టరులో వేసి పాత గుడి ప్రహరీకి ఇచ్చేశారు. చందా తీర్మానం రద్దు చేశారు. గుడి స్థలాన్ని ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టరైన సంఘం సొసైటీకి గిఫ్ట్ డీడ్ రాశారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టడానికి ఆ కుటుంబంలో ఒక కొడుకు చాలాకాలం రాలేదు. అతను వచ్చేదాకా ఒప్పుకోలు సభ పెట్టలేదు.

ఒప్పుకోలు పల్లెలోని పాత గుడిలో పెట్టాం. వినేవాళ్లు తమ ఇంట్లో కూర్చుని వినాలి, లేచి వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లగలగాలి. ఛైర్మన్ రాసుకొచ్చిన కాగితంలో మళ్లీ "నొప్పించి ఉంటే" అని ఉంది. 'ఉంటే' అన్న ప్రతిచోటా కొట్టేయించాం. చివరికి చదివింది ఇది: "పెద్దావిడకు మెరక మీద చోటు మేం ఇవ్వలేదు. చందా కారణమని చెప్పాం. అది అబద్ధం. పల్లెవాళ్లు కాబట్టి ఇవ్వలేదు. చందా కడతామన్న రెండు కుటుంబాలకు చోటు లేదని రాశాం. చోటు ఉంది." చుండూరు ఆదివారం సంగతి కూడా చదివాడు. కార్యదర్శి తను రాసిన పేజీని తనే చదివాడు. పల్లెవాళ్లలో ఎవరి పేరూ, కులం పేరూ ఆ కాగితంలో లేవు.

చదివాక పాస్టరు పాట ఎత్తబోయాడు. ఆపాం. పాట మొదలైతే అందరూ లేవాలి, లేస్తే కౌగిలించుకోవాలి. వినేవాళ్లకు జవాబు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కావాలి. కొడుకు మాత్రం లేచాడు. "విన్నాను. ఇప్పుడు ఏం చెప్పలేను" అని కూర్చున్నాడు. అది చాలు. క్షమించమని అడగొచ్చు, క్షమాపణకు గడువు పెట్టే హక్కు అడిగినవాడికి లేదు.

ఆ తర్వాత, ఏ కార్యక్రమంలోనూ లేకుండా, టీ తాగనన్న ఊరి ఆవిడ ఒక మధ్యాహ్నం ఒక్కతే పల్లెకు వెళ్లింది. తన రెండు కాన్పులకూ రాత్రంతా కూర్చున్నది ఆ పెద్దావిడే. పెద్దావిడ కోడలు అన్నం పెట్టింది, పప్పు, గోంగూర పచ్చడి. తిని, తిన్న కంచం కడగబోతే కోడలు లాక్కుందట. ఈ సంగతి మాకు చెప్పింది కోడలే. పుట్టింటివాళ్లు ఆవిడతో మాటలు మానేశారు. నాలుగు ఊరి కుటుంబాలు సంఘం వదిలి వెళ్లిపోయాయి.

ఉమ్మడి బల్ల ఈస్టరుకు పెట్టారు. రొట్టె పంచింది పల్లె సంఘ పెద్ద. కొడుకు వచ్చి వెనక కూర్చున్నాడు, బల్ల తీసుకోలేదు. తర్వాతి నెల తీసుకున్నాడని పాస్టరు చెప్పాడు. క్షమించానని అతను ఇప్పటికీ అనలేదు, మేమూ అడగలేదు.

ఈ పని చేసేవారికి

సమాధానం కోసం పిలిచినప్పుడు ముందు మినిట్స్ పుస్తకం, రిజిస్టర్లు, ఈసీ అడగండి. ఇప్పటి వివక్ష కులం పేరుతో రాసి ఉండదు, చందా, సభ్యత్వం, స్థలాభావం అన్న పేర్లతో ఉంటుంది. మనుషుల జ్ఞాపకాన్ని "అపార్థం" అని కొట్టేయొచ్చు, వాళ్ల చేతిరాతను కొట్టేయలేరు. మధ్యవర్తులు ఇద్దరుండాలి, బలమున్న వైపుతో అదే వైపున పుట్టినవాళ్లు మాట్లాడాలి. దళిత విశ్వాసుల చేత ఏ కాగితం మీదా కులం రాయించకండి, సంతకం పెట్టించకండి.

వదిలి వెళ్లిన నాలుగు కుటుంబాలు విడిగా ఆరాధన పెట్టుకుని నన్ను వాక్యం చెప్పడానికి పిలిచాయి. సహోదరి, నేను కలిసి వస్తామన్నాం, గలతీయులకు 2 చెబుతామన్నాం. ఇంకా కబురు రాలేదు.

పాత సంఘంలో ఇప్పుడు గుడి తాళం పల్లె పెద్ద ఇంట్లో ఉంది, కమిటీలో సగం మంది పల్లెవాళ్లు. పిలుపుల్లో "గారు" వస్తోంది, కొందరికి నోరు తిరగడం లేదు. ఊరికీ పల్లెకూ మధ్య ఒక్క పెళ్లి కూడా ఇంతవరకూ జరగలేదు. గాయకబృందంలో ఉన్న ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పాస్టరు దగ్గరికి వచ్చి అడిగారు. అబ్బాయి పల్లె, అమ్మాయి ఊరు. అమ్మాయి తండ్రి గోడ కూల్చినవాళ్లలో ఒకడు. ఆయన మమ్మల్ని రమ్మన్నాడు, వెళ్తున్నాం.